ఆ రాత్రుల లెక్కలో ఆడవాళ్లెక్కడ?

హక్కుల పత్రికలో రాక్ సంగీతం గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. వరకట్న చావులు, పనిచేసే చోట వేధింపులు, కూలి, భూమి... ఇన్ని సమస్యలు మన ముందుండగా ఎక్కడో అమెరికాలో గిటార్లు వాయించిన మగవాళ్ల కబుర్లు మనకెందుకు? ప్రశ్న న్యాయమైనదే. దానికి నేను మరో ప్రశ్నతో జవాబు చెబుతాను. రాత్రిపూట, ఇంటికి దూరంగా, వేలమంది జనం మధ్య ఒక ఆడమనిషి తనకిష్టమైన పాట వింటూ నిలబడడం, ఒళ్లు మరిచి ఆడడం, మళ్లీ క్షేమంగా ఇల్లు చేరడం హక్కా, కాదా? హక్కే అనుకుంటే, స్వేచ్ఛ గురించి అందరికంటే గట్టిగా మాట్లాడిన ఒక గుంపులో ఆ హక్కు ఏ మాత్రం అమలైందో చూడడం మన పనే అవుతుంది.

నేను చెప్పబోయే గుంపు 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే రాక్ బృందం చుట్టూ చేరింది. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన బృందం అది. జెర్రీ గార్సియా, ఫిల్ లెష్, బాబ్ వీర్, బిల్ క్రూట్స్‌మన్, 'పిగ్‌పెన్' అని అందరూ పిలిచే రాన్ మెక్‌కెర్నన్ దాని మొదటి సభ్యులు. నవలాకారుడు కెన్ కీసీ 1965-66లలో 'ఆసిడ్ టెస్ట్' పేరుతో జరిపిన జాతరల్లో వీళ్లే వాయించేవాళ్లు. ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు కలిగించే భ్రాంతుల్ని రంగు దీపాలతో, ఎడతెగని వాద్యంతో కళ్లకు, చెవులకు తెచ్చిన ఆనాటి సంగీతానికి సైకెడెలిక్ అని పేరు వచ్చింది. 1966 అక్టోబరు దాకా కాలిఫోర్నియాలో ఆ మందు మీద నిషేధం లేదు. ఆ తర్వాత కూడా, 1995 ఆగస్టులో గార్సియా చనిపోయేదాకా, మొత్తం ముప్పై ఏళ్లలో ఈ బృందం సుమారు 2,300 కచేరీలు చేసింది.

ఒక రాత్రి వాయించినట్టు మర్నాటి రాత్రి వాయించేవాళ్లు కాదు. ఏ పాట తర్వాత ఏ పాట వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. పాట మధ్యలో వాద్యం ఎటో వెళ్లిపోయి, ఇరవై నిమిషాలు తిరిగి, మళ్లీ పల్లవి దగ్గరికి వచ్చేది. మన సంగీత కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిది. అందువల్ల స్టూడియోలో చేసిన రికార్డుల కంటే కచేరీల టేపులే అభిమానులకు ప్రాణం. 'డెడ్‌హెడ్స్' అని పేరుపడిన ఈ అభిమానులు బృందం వెంట ఊరూరా తిరిగారు. టేపు రికార్డర్లు మోసుకెళ్లి పాటలు పట్టుకున్నారు. బృందం వాళ్లను తరిమెయ్యలేదు సరికదా, 1984లో రికార్డు చేసుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొన్ని సీట్లు కేటాయించింది. టేపుల్ని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదు అన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న నీతి. 1987లో ముగ్గురు అభిమానులు కూర్చుని, ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ వరసలో ఏ పాటలు వాయించారో 'డెడ్‌బేస్' అనే పుస్తకంగా అచ్చేశారు.

ఈ శ్రద్ధను నేను తక్కువ చేయను. ప్రభుత్వం చెప్పకుండా, విశ్వవిద్యాలయం డబ్బివ్వకుండా, మామూలు జనం తమ ఆనందానికి తామే చరిత్రకారులయ్యారు. 1989 వేసవిలో రెబెకా ఆడమ్స్ అనే సామాజిక శాస్త్ర అధ్యాపకురాలు తన విద్యార్థుల్ని ఈ బృందం యాత్ర వెంట తీసుకెళ్లి, ఆ గుంపును ఒక సమాజంగా అధ్యయనం చేసిందంటే కారణం అదే. 1972 యూరప్ యాత్ర గొప్పదా, 1977 వసంత కాలం కచేరీలు గొప్పవా అని డెడ్‌హెడ్స్ నేటికీ వాదించుకుంటారు. ఏ రాత్రి గార్సియా గిటారు ఎన్నో నిమిషంలో ఎలా మలుపు తిరిగిందో చెబుతారు. నాకు అభ్యంతరం ఈ శ్రద్ధ మీద కాదు. ఇంత నిశితంగా రాసుకున్న లెక్కలో ఆడవాళ్ల పని, ఆడవాళ్ల భయం ఎందుకు పడలేదన్నదే నా ప్రశ్న.

టేపు పట్టిన చేయి

ఈ అభిమానులు అన్నింటికంటే ఎక్కువగా చెప్పుకునే కచేరీ 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్లో జరిగింది. దాని టేపును అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ ధ్వని సంపదగా గుర్తించి, 2011 సంవత్సరపు జాబితాలో చేర్చింది. ఆ కచేరీని రికార్డు చేసింది బెట్టీ కాంటర్ జాక్సన్ అనే స్త్రీ. సౌండ్ ఇంజనీర్లంతా మగవాళ్లే అనుకునే రోజుల్లో, 1960ల చివరి నుంచే ఆమె ఈ బృందం దగ్గర పనిచేసింది. 1969లో వచ్చిన 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో డెడ్‌హెడ్స్‌కు ప్రాణప్రదమైన 'డార్క్ స్టార్' ఇరవై మూడు నిమిషాలు సాగుతుంది. ఆ రికార్డింగులో ఆమె చేయి ఉంది. 1970 నాటి 'వర్కింగ్‌మన్స్ డెడ్' ఆల్బమ్‌కు నిర్మాతల్లో ఆమె ఒకరు.

కేబుళ్లు లాగడం, మైకులు అమర్చడం, వేలమంది ఆడుతూ అరుస్తూ ఉండగా చెవులు ఒగ్గి ప్రతి వాద్యాన్నీ సరిచూసుకోవడం, రీలు అయిపోయేలోగా మరో రీలు ఎక్కించడం ఆమె పని. అందరూ ఆడే చోట ఆమె పనిచేసింది. ఆ పనితనం వల్లనే యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ రాత్రిని మనం వినగలుగుతున్నాం.

తర్వాత ఏమైంది? భర్త 1976లో కారు ప్రమాదంలో పోయాడు. చిన్నపిల్లవాడు ఉన్నాడు. 1980ల్లో బృందంతో ఆమె పని ఆగిపోయింది. ఇల్లు పోయింది. తన టేపులన్నిటినీ ఒక అద్దె గోదాములో పెట్టుకుంది. అద్దె బకాయి పడింది. చివరికి గోదాములోని సామాను వేలం వేశారు. వందలాది రీళ్లు ఎవరెవరి చేతుల్లోకో వెళ్లాయి. కొన్ని కొట్టాల్లో పడి బూజు పట్టాయి. కొన్నవాళ్లలో కొందరు అభిమానులు వాటి నుంచి కాపీలు తీశారు. అవి చేతులు మారి, 'బెట్టీ బోర్డ్స్' అన్న పేరుతో ప్రసిద్ధమయ్యాయి. బోర్డు అంటే సౌండ్ మిక్సింగ్ బల్ల. కార్నెల్ కచేరీ లోకానికి తెలిసింది అలాగే. 2017లో, నలభై ఏళ్ల తర్వాత, అది అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చింది.

ఈ కథను అభిమానులు దాచలేదు. పైగా ఎంతో ఇష్టంగా చెప్పుకుంటారు. పోయిన నిధి దొరికిన కథలా చెప్పుకుంటారు. చెప్పే తీరులోనే ఉంది చిక్కు. ఆ కథలో నిధి టేపులు, నాయకులు వాటిని కొని కాపాడినవాళ్లు. ఒంటరి తల్లి అద్దె కట్టలేకపోవడం కథకు కావలసిన మలుపు మాత్రమే. పనిచేసిన మనిషికి తన పని మీద హక్కు ఏమిటి, ఉద్యోగం పోయినప్పుడు ఆమెకు భద్రత ఏమిటి అన్న ప్రశ్న అందులోకి రాదు. 1994లో ఈ బృందాన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు వాయించినవాళ్లు, పాడినవాళ్లు, పాటలు రాసిన రాబర్ట్ హంటర్ అందరూ లెక్కకు వచ్చారు. బెట్టీ రాలేదు. ఇంటి పేరు లేకుండా ముద్దుపేరుగా ఆమె పేరు టేపు పెట్టెల మీద మిగిలింది. మన ఇళ్లలో 'అమ్మ చేతి వంట' అని లొట్టలేస్తూ చెప్పుకుని, అమ్మ పేర సెంటు భూమి రాయకపోవడం లాంటిదే ఇది.

బెట్టీ ఒక్కతే కాదు. 1970ల మొదటి నుంచి 1995 దాకా ఈ కచేరీల దీపాల పని చూసింది క్యాండేస్ బ్రైట్‌మన్ అనే స్త్రీ. 1971 నాటి ఒక ఆల్బమ్‌లో అభిమానులకు పిలుపునిస్తే కుప్పలుగా ఉత్తరాలొచ్చాయి. ఆ చిరునామాల పట్టీని ఏళ్ల తరబడి నడిపింది ఐలీన్ లా. తర్వాతి కచేరీ ఎక్కడో తెలుసుకోవడానికి ఫోన్ చేస్తే వినిపించే గొంతు కూడా ఆమెదే. అంటే వెలుగు, ధ్వని, కబురు మూడూ ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచాయి. కచేరీ గురించిన కబుర్లలో మిగిలింది గిటారు.

ఇంకో ఉదాహరణ. 1972 ఆగస్టు 27న ఆరెగాన్ రాష్ట్రంలోని వెనీటాలో మండుటెండలో జరిగిన కచేరీని కూడా అభిమానులు పూజిస్తారు. కెన్ కీసీ తమ్ముడు చక్, అతని భార్య సూ కలిసి నడిపే స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాల కేంద్రం అప్పుల్లో పడితే దాన్ని నిలబెట్టడానికి ఆ కచేరీ చేశారు. టికెట్లను ఆ కేంద్రం అమ్మే పెరుగు డబ్బాల లేబుళ్ల మీద అచ్చేశారు. ఆ పెరుగు పేరు 'నాన్సీస్'. అక్కడ లెక్కలు రాసే నాన్సీ హామ్రెన్ అనే యువతి తన అమ్మమ్మ నుంచి నేర్చుకున్న పద్ధతిలో తోడు పెట్టిన పెరుగు అది. దాన్ని తిన్నవాళ్లు ఫోన్ చేసి 'నాన్సీ పెరుగు' కావాలని అడగడంతో ఆ పేరు స్థిరపడింది. ఆ రోజు తీసిన సినిమా 2013లో విడుదలైంది. అది చూసినవాళ్లంతా వేదిక వెనక స్తంభమెక్కి బట్టల్లేకుండా ఊగిన మగవాణ్ణి గుర్తుపెట్టుకున్నారు. ఎండలో నిలబడ్డ ఆ వేలమందిని ఏ పాల కేంద్రం పేర పిలిచారో, దాన్ని ఏ ఆడవాళ్ల పనితనం నిలబెట్టిందో ఎంతమంది చెప్పుకుంటారు?

గొంతు మీద తీర్పు

వేదిక మీద కనిపించిన స్త్రీ సంగతి చూద్దాం. డోనా జీన్ గాడ్‌షా 1972 నుంచి 1979 దాకా ఈ బృందంలో పాడింది. అంతకు ముందే ఆమె అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోల్లో పేరున్న గాయని. పెర్సీ స్లెడ్జ్, ఎల్విస్ ప్రెస్లీ పాడగా అమెరికా అంతటా మొదటి స్థానానికెక్కిన పాటల్లో వెనక వినిపించే గొంతుల్లో ఆమెదొకటి. అలాంటి మనిషి గురించి ఈ అభిమానుల్లో తరచుగా వినిపించే మాట ఆమె అపశ్రుతిలో అరిచిందని. ఆమె లేని టేపులే మంచివనే వాదన కూడా ఉంది.

ఆమె అన్ని రాత్రులూ శ్రుతిలో పాడిందని నేను వాదించడం లేదు. నేను అడిగేది ఒక్కటే. స్టూడియోలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడడం అలవాటైన తనకు వేదిక మీది హోరులో తన గొంతు తనకే వినపడేది కాదని ఆమె తర్వాతి రోజుల్లో చెప్పింది. 1974లో ఈ బృందం 75 టన్నుల సౌండ్ సామగ్రిని గోడలా పేర్చి, దాని ముందు నిలబడి వాయించేది. ఆ గోడ ఎత్తు, బరువు, అందులోని స్పీకర్ల సంఖ్య అభిమానులకు కంఠతా వచ్చు. ఆ గోడ ముందు పాడే మనిషికి ఏం వినపడుతుందన్న ప్రశ్న మాత్రం తక్కువమందికి తోచింది. గార్సియా పాట మధ్యలో మాటలు మరిచిపోవడం కూడా అందరికీ తెలిసిందే. దాన్ని ముసిముసి నవ్వులతో, ముద్దుగా చెప్పుకుంటారు. మగవాడి తప్పు మనిషితనం, ఆడదాని తప్పు చేతగానితనం. ఈ కొలబద్ద మనకు కొత్తది కాదు. సభలో మగ నాయకుడు తడబడితే పాపం అలిసిపోయాడంటారు, మన కార్యకర్త తడబడితే ఆడవాళ్లకు మైకెందుకంటారు.

ఎవరి స్వేచ్ఛ?

ఈ బృందం పెరిగిన చోటు శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేట. 1967 వేసవిలో దేశం నలుమూలల నుంచి లక్షమంది దాకా యువతీ యువకులు అక్కడికి చేరారని అంచనా. ప్రేమ వేసవి అని దానికి పేరు పెట్టారు. పెళ్లి, ఆస్తి, ఉద్యోగం, వియత్నాం యుద్ధం అన్నిటినీ కాదన్నారు. ఇంట్లో ఊపిరాడని ఎందరో అమ్మాయిలకు ఆ పేట నిజంగానే తలుపు తెరిచింది. దాన్ని నేను కాదనను.

కానీ అదే సంవత్సరం ఏప్రిల్లో అదే వీధిలో ఒక కరపత్రం పంచారు. దాన్ని రాసిన చెస్టర్ ఆండర్సన్ ఆ ఉద్యమం లోపలి మనిషే. పదహారేళ్ల పిల్ల ఒకతె ఆ పేటకు వస్తే ఆమెకు మత్తుమందు ఎక్కించి సామూహికంగా అత్యాచారం చేశారని, ఆ వీధిలో ఇది మామూలైపోయిందని అందులో రాశాడు. పువ్వుల కిరీటాల ఫొటోలు లోకమంతా తిరిగాయి. ఈ కరపత్రం చరిత్ర పుస్తకాల మూలల్లో మిగిలింది.

మత్తు గురించి కూడా మాట్లాడాలి. ఆసిడ్ టెస్ట్‌లలో ఎల్.ఎస్.డి.ని తాగే పానీయంలో కలిపి పెట్టేవాళ్లు. అందులో ఏముందో తెలియకుండా తాగినవాళ్లూ ఉన్నారు. దీన్ని తమాషాగా చెప్పుకోవడం ఆ కాలపు కథల్లో మామూలు. చెప్పకుండా మనిషి శరీరంలోకి మందు పంపడం తమాషా ఎలా అవుతుంది? అంగీకారం అన్న మాటకు మన ఉద్యమం ఇంత విలువ ఇస్తున్నది ఇలాంటివి తమాషాలుగా చలామణి అవుతాయి కాబట్టే.

అదే పేటలో 'డిగ్గర్స్' అనే బృందం 1966 చివరి నుంచి రోజూ సాయంత్రం ఉచితంగా భోజనం పెట్టేది. డబ్బు లేని సమాజం గురించి గొప్ప గొప్ప కరపత్రాలు రాసింది మగవాళ్లు. అంగళ్ల చుట్టూ తిరిగి కూరగాయలు అడిగి తెచ్చి, పెద్ద పెద్ద పాత్రల్లో వండింది ఎక్కువగా ఆడవాళ్లు. పాత కుటుంబాన్ని కూల్చేశామని చెప్పుకున్న చోట కూడా వంట పని చేతులు మారలేదు.

అందుకే ఆ తరం స్త్రీలే దీన్ని ప్రశ్నించారు. 1970 మొదట్లో న్యూయార్క్‌లోని 'ర్యాట్' అనే తిరుగుబాటు పత్రికను స్త్రీలు స్వాధీనం చేసుకున్నారు. అందులోనే రాబిన్ మోర్గన్ తన ప్రసిద్ధ వ్యాసంలో, స్త్రీని వాడుకునే మగ విప్లవకారులకు, వాళ్ల స్వేచ్ఛా సంస్కృతికి సెలవు చెప్పింది. 1969 డిసెంబరు 6న ఆల్టమాంట్‌లో జరిగిన రాక్ ఉత్సవంలో హెల్స్ ఏంజెల్స్ అనే మోటారు సైకిల్ ముఠాను కాపలాకు పెట్టడం, మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి యువకుణ్ణి ఆ ముఠా మనిషి పొడిచి చంపడం అప్పటికే జరిగిపోయాయి. ఆ ఉత్సవం ఏర్పాట్లలో గ్రేట్‌ఫుల్ డెడ్‌కూ పాత్ర ఉంది. అక్కడి హింస చూసి వాళ్లు ఆ రోజు వాయించకుండా వెళ్లిపోయారు. గుంపును కాపాడే పనిని కండబలానికి అప్పగిస్తే ముందు బలయ్యేది బలహీనులేనని దీనివల్ల తేలింది.

అక్కడ భయం లేదట

ఈ బృందాన్ని నాకు పరిచయం చేసింది కాలిఫోర్నియాలో ఉంటున్న మా అక్క కొడుకు. వాడి పుణ్యమా అని నేను కూడా ఎన్నో టేపులు విన్నాను, ఇష్టపడ్డాను. వాడు, వాడి స్నేహితులు కూర్చుని తేదీల మీద వాదించుకుంటుంటే వినడం నాకు సరదాయే. ఒకరోజు వాడు, "పిన్నీ, ఆ గుంపులో ఎవరికీ ఏ భయం ఉండదు. పక్కన నిలబడ్డవాడు మన అన్నదమ్ముడే అనుకో" అన్నాడు.

పక్కనే పకోడీలు తెచ్చిపెడుతున్న వాడి భార్య నవ్వింది. "చిన్నత్తయ్యా, 2023లో డెడ్ అండ్ కంపెనీ ఆఖరి యాత్రకు మేం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాం. ఈయన ఏ పాట ముందొస్తుందా అని ఆలోచిస్తూ వచ్చారు. నేను బాత్‌రూములు ఎక్కడున్నాయి, ఆయన చెయ్యి వదిలిపోతే ఎక్కడ కలుసుకోవాలి, కారు ఏ దీపం కింద పెట్టాం అని గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. ఆడుతున్నప్పుడు కూడా సగం కళ్లు వెనకే ఉన్నాయి" అంది. ఆ రోజు ఆమెకు ఏ చెడూ జరగలేదు. సంగీతం ఎంతో బాగుందని కూడా చెప్పింది. గార్సియా పోయాక మిగిలిన సభ్యుల్లో కొందరు కలిసి 2015లో పెట్టిన బృందమే డెడ్ అండ్ కంపెనీ.

ఒకే టికెట్టు ధర పెట్టి వెళ్లిన ఇద్దరిలో ఒకరు మొత్తం కచేరీ విన్నారు, ఒకరు సగం విన్నారు. ఆ మిగతా సగం ఏ టేపులోనూ ఉండదు. ఏమీ జరగని రాత్రి కూడా ఆడవాళ్లకు ఖర్చు లేనిది కాదు. మన దగ్గర ఆఖరి బస్సు టైము చూసుకుంటూ సభలో కూర్చునే కార్యకర్తలకు దీన్ని నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

చేతనైన పనే

"అంత పెద్ద గుంపులో ఎవరేం చేయగలరు?" అంటారు కొందరు. ఈ గుంపు చరిత్రే దానికి జవాబు. టేపులు పట్టుకునేవాళ్లు చోటు కావాలన్నారు, చోటు వచ్చింది. మత్తు మానేసి కూడా కచేరీ వినాలనుకునేవాళ్లు 1980ల్లో 'వార్ఫ్ ర్యాట్స్' అనే పేరుతో చేరి, పసుపుపచ్చ బెలూన్లు కట్టిన బల్ల దగ్గర విరామంలో కలుసుకోసాగారు. మత్తుకు మారుపేరైన కచేరీలో మత్తు వద్దనే మనిషికి ఒక చోటు ఏర్పడింది. చెవులు వినపడని అభిమానులు కూడా వచ్చేవాళ్లు. వేదిక ముందు కంపనాలు ఒంటికి తగిలే చోట నిలబడితే సంజ్ఞల భాషలో పాటను వాళ్లకు చెప్పేవాళ్లు ఉండేవారు. అవసరాన్ని అవసరమని ఒప్పుకున్న ప్రతిసారీ ఆ గుంపు దారి కనుక్కుంది.

ఒప్పుకోనప్పుడు ఏమవుతుందో కూడా అదే చరిత్ర చెబుతుంది. 1987లో 'టచ్ ఆఫ్ గ్రే' అనే పాట పెద్ద హిట్టయ్యాక జనం విపరీతంగా పెరిగారు. 1995 జులై 2న ఇండియానా రాష్ట్రంలోని డీర్ క్రీక్‌లో టికెట్ల్లేనివాళ్లు వేల సంఖ్యలో కంచె పడగొట్టి లోపలికి దూసుకొచ్చారు. మర్నాటి కచేరీ రద్దయింది. ఇలాగే సాగితే తాము వాయించలేమని బృందం అభిమానులకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. కచేరీ నడిచేది గుంపు బాధ్యత మీదేనని బృందమే చెప్పుకున్నట్టయింది. కంచె విషయంలో ఉన్న బాధ్యత పక్కన ఆడుతున్న స్త్రీ విషయంలో ఎందుకుండదు?

ఇతర చోట్ల ఈ ప్రశ్నను ఆడవాళ్లే చేతిలోకి తీసుకున్నారు. 2015లో బ్రిటన్‌లో కొందరు టీనేజి అమ్మాయిలు 'గర్ల్స్ అగెనెస్ట్' అనే పేరుతో కచేరీల్లో జరిగే లైంగిక వేధింపుల మీద ప్రచారం మొదలుపెట్టారు. స్వీడన్‌లో 2017 బ్రోవల్లా సంగీత ఉత్సవంలో అత్యాచారాల ఫిర్యాదులు వచ్చాక నిర్వాహకులు మరుసటి ఏడాది ఉత్సవాన్నే రద్దు చేశారు. దానికి జవాబుగా 2018లో గోథెన్‌బర్గ్‌లో పురుషులకు ప్రవేశం లేని 'స్టేట్‌మెంట్' ఉత్సవం జరిగింది. అది వివక్ష నిరోధక చట్టానికి విరుద్ధమని అక్కడి అధికారులు తేల్చారు. ఆ స్త్రీల కోపాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. అయినా నా కోరిక వేరే కంచె కాదు. బస్సులో ఆడవాళ్ల సీట్లు అవసరమే, కానీ బస్సంతా మనది కూడానని చెప్పడం మానుకోలేం కదా.

పాటను ఏం చేద్దాం?

మరి ఈ సంగీతాన్ని వదిలేద్దామా? నేను వదలను. 1968 నుంచి 1975 దాకా 'న్యూయార్కర్' పత్రికలో రాక్ సంగీతం మీద రాసిన ఎలెన్ విల్లిస్ 'రెడ్‌స్టాకింగ్స్' అనే స్త్రీవాద సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. రాక్ పాటల్లోని స్త్రీ ద్వేషాన్ని ఆమె ఎండగట్టింది. ఆ సంగీతంలోని తెగువ తనకు బలమిచ్చిందని కూడా రాసింది. రెంటిలో దేన్నీ దాచుకోలేదు. ఆమె దారే నాకు సరైనదనిపిస్తుంది. ఆనందాన్ని మగవాళ్లకు వదిలేసి మనం ఫిర్యాదుల్ని మాత్రం ఉంచుకుంటే నష్టపోయేది మనమే.

"ఆ కాలం అలాంటిది" అనే మాటను కూడా నేను ఒప్పుకోను. 1967 కరపత్రం, 1970 వ్యాసం ఆ కాలంలోనివే. ఆ కాలంలోనే చెప్పినవాళ్లున్నారు, వినలేదు. ఇవాళ యాభై ఏళ్ల నాటి టేపులో గిటారు తీగ ఎక్కడ సడలిందో వినగలిగే చెవులకు ఇది వినపడదంటే నమ్మడం కష్టం.

కాబట్టి నేను కోరేది చాలా మామూలు విషయం. కచేరీల గురించి మాట్లాడేటప్పుడు పాటల వరసతో పాటు మరికొన్ని ప్రశ్నలు కూడా వేసుకుందాం. ఆ రాత్రి రికార్డు చేసిందెవరు, ఆమెకు ఏం దక్కింది? వంట, టికెట్లు, దీపాలు ఎవరి పని? ఒంటరిగా వచ్చిన స్త్రీ ఒంటరిగా క్షేమంగా తిరిగి వెళ్లగలిగిందా? ఆమెకు ఇబ్బంది కలిగితే చెప్పుకోవడానికి ఒక బల్ల, ఒక మనిషి ఉన్నారా? ఈ జవాబులు లేని లెక్క ఎంత వివరంగా ఉన్నా సగం లెక్కే.

ఈ ప్రశ్నలు మన సభలకూ వర్తిస్తాయి. మన పాటల క్యాసెట్ల మీద, సభల ఫొటోల వెనక, నివేదికల చివర ఎవరి పేర్లున్నాయో ఒకసారి తీసి చూడండి. మైకు సర్దినవాళ్లు, పిల్లల్ని చూసుకున్నవాళ్లు, రాత్రి పదింటికి ఆడవాళ్లను ఇళ్లకు చేర్చినవాళ్లు వాటిలో ఉన్నారా? లేకపోతే ఈసారి సభ నుంచే రాయడం మొదలుపెడదాం. పెన్ను మన చేతిలోనే ఉంది.